కోచ్ ఎలాంటివారో ఆడే పిల్లల్నే అడగాలి

పిల్లల్ని ఆటల్లో చేర్పించే తల్లిదండ్రులు మొట్టమొదట అడిగే ప్రశ్న ఒకటే: "ఆ సార్ దగ్గర ఎంతమంది స్టేట్ ఆడారు?" కాస్త తెలిసినవాళ్ళయితే నేషనల్స్ సంగతి అడుగుతారు. అకాడమీ గేటుకి కట్టిన ఫ్లెక్సీ ఆ ప్రశ్నకి జవాబే. మెడలో పతకాలతో పిల్లలు, మధ్యలో కోచ్ గారు, కింద టోర్నమెంట్ల పేర్లు. రెండేళ్ళు ఆడి మానేసిన పిల్లలు ఆ ఫ్లెక్సీలో ఉండరు. వాళ్ళెందుకు మానేశారని అడిగే తల్లిదండ్రుల్ని నేను చాలా అరుదుగా చూశాను.

ప్రభుత్వం లెక్క కూడా ఇదే. కోచ్‌లకి ఇచ్చే, 1985లో మొదలైన ద్రోణాచార్య పురస్కారానికి ప్రధానంగా చూసేది శిష్యులు పెద్ద పోటీల్లో తెచ్చిన పతకాలనే. ఒలింపిక్స్ స్థాయిలో పనిచేసే కోచ్‌కి అది న్యాయమైన కొలతే. అదే కొలతని పదేళ్ళ పిల్లలకి షటిల్ పట్టుకోవడం నేర్పే కోచ్ మీద పెడుతున్నాం, అక్కడే నాకు అభ్యంతరం. పతకం వెనక పిల్ల ఎత్తు ఉంటుంది, ఇంట్లో డబ్బు ఉంటుంది, పొద్దున్నే ఐదింటికి బండి మీద దింపే తండ్రి ఉంటాడు. వీటన్నిటినీ కలిపి ఒక్క మనిషి ఖాతాలో వేసి, ఆ మనిషి రోజూ పిల్లలతో ఎలా మాట్లాడుతున్నాడో మాత్రం చూడకుండా వదిలేస్తున్నాం.

కోచ్ ప్రవర్తనను కొలవవచ్చు. యాభై ఏళ్ళుగా కొలుస్తున్నారు కూడా. ఆ కొలతల్లో నన్ను బాగా పట్టుకున్న విషయం ఏమిటంటే, కోచ్ ఏం చేస్తున్నాడో కోచ్ కంటే పిల్లలకే బాగా తెలుసు.

అమెరికాలో సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో రొనాల్డ్ స్మిత్, ఫ్రాంక్ స్మోల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఎర్ల్ హంట్‌తో కలిసి 1977లో ఒక పద్ధతి ప్రకటించారు. ఆట జరుగుతుండగా శిక్షణ పొందిన పరిశీలకులు పక్కన కూర్చుని కోచ్ చేసే ప్రతి పనినీ పన్నెండు గళ్ళలో ఏదో ఒకదాంట్లో వేస్తారు. ఎనిమిది గళ్ళు పిల్లలు ఏదైనా చేసినప్పుడు కోచ్ ఎలా స్పందించాడన్నదానికి. పిల్లవాడు బాగా ఆడితే మెచ్చుకున్నాడా, ఏమీ అనకుండా ఊరుకున్నాడా? తప్పు చేస్తే ధైర్యం చెప్పాడా, ఎలా ఆడాలో చెప్పాడా, తిట్టాడా, తిడుతూనే ఎలా ఆడాలో చెప్పాడా, చూడనట్టు వదిలేశాడా? అల్లరి చేస్తే అదుపులో పెట్టాడా? మిగిలిన నాలుగు గళ్ళు కోచ్ తనంతట తాను చేసేవాటికి: ఆట గురించి చెప్పడం, ఉత్సాహపరచడం, ఏర్పాట్లు చూసుకోవడం, ఆటతో సంబంధం లేని కబుర్లు. అంతే. ఇందులో మంచి కోచ్, చెడ్డ కోచ్ అనే గడి లేదు.

ఈ పద్ధతితో వాళ్ళు లిటిల్ లీగ్ అనే పిల్లల బేస్‌బాల్ పోటీల కోచ్‌లు 51 మందిని 202 మ్యాచ్‌ల్లో గమనించారు. నమోదైన పనులు 57,213. సీజన్ అయ్యాక 542 మంది పిల్లల్ని వాళ్ళ ఇళ్ళకి వెళ్ళి మాట్లాడించారు. కోచ్‌లను కూడా, మీరు ఏ పని ఎంత తరచుగా చేస్తారని అదే పట్టిక చూపించి అడిగారు. ఇప్పుడు ఒకే విషయం మీద మూడు సాక్ష్యాలున్నాయి: పరిశీలకుడిది, పిల్లలది, కోచ్‌ది.

కోచ్‌లు తమ గురించి చెప్పుకున్నదానికీ, పరిశీలకులు రాసుకున్నదానికీ పొంతన దాదాపు లేదు. శిక్షించడం ఒక్కదాంట్లో మాత్రమే వాళ్ళ అంచనా చెప్పుకోదగ్గంత కుదిరింది. పిల్లలు చెప్పింది పరిశీలకుల లెక్కకి ఇంకా దగ్గరగా వచ్చింది. ఎనిమిదేళ్ళ వయసు నుంచి ఉన్న పిల్లలు వాళ్ళు! ఇంకో సంగతి: కోచ్‌లు తిట్టడం, శిక్షించడం మొత్తం మీద చాలా కొద్దిసార్లే జరిగింది. అయినా కోచ్‌ని పిల్లలు ఇష్టపడడానికీ, ఇష్టపడకపోవడానికీ ఆ కొద్దిసార్లతో గట్టి సంబంధం కనిపించింది. తమ మీద తమకి నమ్మకం తక్కువున్న పిల్లల్లో ఆ తేడా అందరికంటే ఎక్కువ. జట్టు ఎన్ని మ్యాచ్‌లు గెలిచిందన్నదానికీ, పిల్లలకి కోచ్ అంటే ఎంత ఇష్టమన్నదానికీ సంబంధం లేదనే చెప్పాలి. గెలిచే జట్ల పిల్లలు మాత్రం ఒక మాట అన్నారు: మా కోచ్ అంటే మా అమ్మానాన్నలకి ఇష్టం అని.

ఇది చదివాక నేనూ ఒక నోట్‌బుక్ పట్టుకుని మా అమ్మాయి ఆడే అకాడమీకి వెళ్ళడం మొదలుపెట్టాను. కాలేజీలో వాలీబాల్ ఆడినదాన్ని, గ్రౌండ్ పక్కన కూర్చోవడం నాకు కొత్త కాదు. కానీ అప్పటిదాకా నా కళ్ళు మా పిల్ల రాకెట్ మీదే ఉండేవి. ఈసారి కోచ్ నోటి మీద పెట్టాను. నాలుగు సింథటిక్ కోర్టులు. ఒకటో కోర్టులో సెలక్షన్స్‌కి వెళ్ళే పిల్లలు, నాలుగో కోర్టులో కొత్తగా చేరినవాళ్ళు. కోర్టు నంబర్ చూస్తే చాలు, పిల్ల స్థాయి తెలిసిపోతుంది.

ఒకటో కోర్టులో ఒక అబ్బాయి బ్యాక్‌హ్యాండ్ క్లియర్ కొట్టబోతే షటిల్ సగం కోర్టులోనే పడింది. సార్ నెట్ కింద నుంచి దూరి వచ్చి అతని మోచెయ్యి పట్టుకున్నారు. "ఇది ముందుకి రావాలి. షటిల్ ఇంకా కిందకి దిగేదాకా ఆగకు. మళ్ళీ." మళ్ళీ కొట్టించారు. బొటనవేలు గ్రిప్ మీద ఎక్కడ ఆనాలో తిప్పి చూపించారు. ఆ అబ్బాయి నాలుగోసారికి వెనక లైను దాకా పంపాడు. చూడముచ్చటగా ఉంది. కాసేపటికి మూడో కోర్టులో ఒక సన్నటి పిల్ల అదే షాట్, అదే తప్పు. సార్ చూశారు, చూసి షటిల్ ట్యూబ్ మూత తీసుకుంటూ ఉండిపోయారు. ఆ పిల్ల మళ్ళీ తప్పింది. ఇంకోసారి నెట్‌కి కొట్టింది. అప్పుడు, "బుర్ర ఎక్కడ పెట్టి వచ్చావమ్మా?" అన్నారు. పెద్దగా అరవలేదు. పక్కనున్న పిల్లలు నవ్వారు. నా నోట్‌బుక్‌లో ఇది ఒక గీత, అంతే. ఆ పిల్ల ఆ తర్వాత బ్యాక్‌హ్యాండ్ కొట్టడమే మానేసి, ప్రతి షటిల్‌కీ చుట్టూ తిరిగి వచ్చి ఫోర్‌హ్యాండ్‌తో కొట్టింది.

ఆయన చెడ్డవారు కాదు. ఫీజు కట్టలేని ఇద్దరు పిల్లల రాకెట్లకి తన జేబులోంచి గట్టింగ్ చేయిస్తారు. టీ తాగుతూ మాటల్లో అడిగాను, పిల్లలందరికీ టైము సరిపోతుందా సార్ అని. "నేను అందరికీ సమానంగానే చెప్తానండీ, నా దగ్గర ఆ తేడా ఉండదు" అన్నారు. నిజంగా అలాగే నమ్ముతున్నారు. ఇంటికి వచ్చే దారిలో మా అమ్మాయిని అడిగితే ఆలోచించకుండా చెప్పింది: "కోర్ట్ వన్ వాళ్ళకి చెప్తారమ్మా. మాకు ఆడిస్తారు." చెప్పడానికీ ఆడించడానికీ ఉన్న తేడాని పన్నెండు గళ్ళ పట్టిక లేకుండానే అది పట్టేసింది.

దీన్నిబట్టి పిల్లల్ని పొగుడుతూ ఉంటే చాలనుకునే ప్రమాదం ఉంది. లాస్ ఏంజెలెస్‌లో యూసీఎల్‌ఏ విశ్వవిద్యాలయం బాస్కెట్‌బాల్ కోచ్ జాన్ వుడెన్ ప్రాక్టీసులను రోలాండ్ థార్ప్, రొనాల్డ్ గాలిమోర్ అనే పరిశోధకులు 1974-75 సీజన్‌లో కూర్చుని నమోదు చేశారు. అప్పటికే తొమ్మిది జాతీయ టైటిళ్ళు గెలిచిన కోచ్ ఆయన, ఆ ఏడు పదోది కూడా గెలిచాడు. 2,326 పనులు రాసుకుంటే అందులో సగం ఏం చేయాలో, ఎలా చేయాలో చెప్పడమే. పొగడ్తలు దాదాపు 7 శాతం. ఉత్త తిట్లు కూడా దాదాపు అంతే. ఆయన తప్పుని తప్పు అని చెప్పాక అలాగే వదిలేయడు. ఎలా చేయాలో చూపిస్తాడు, చేసిన తప్పుని ఒకసారి చేసి చూపిస్తాడు, మళ్ళీ సరైనది చూపిస్తాడు. ఆ మూడో కోర్టు పిల్లకి కావలసింది షాబాష్ కాదు. మోచెయ్యి ఎక్కడుండాలో చెప్పే ఒక్క మాట.

కోచ్‌ల ప్రవర్తన మీద ప్రపంచమంతా విరివిగా వాడే ప్రశ్నావళి ఒకటుంది. దాన్ని తయారుచేసిన ఇద్దరిలో ఒకరు మన పొరుగు మనిషి అని మన క్రీడాసంఘాల్లో ఎంతమందికి తెలుసో! ప్యాకియనాథన్ చెల్లదురై మద్రాసు వైఎంసీఏ వ్యాయామ విద్యా కళాశాల నుంచి కెనడా వెళ్ళి అక్కడ పరిశోధన చేసినవాడు. సాలే అనే సహచరుడితో కలిసి ఆయన 1980లో ప్రకటించిన కొలమానంలో 40 వాక్యాలు, ఐదు విభాగాలు: శిక్షణ, ఆటగాళ్ళతో కలిసి నిర్ణయించడం, ఒంటరిగా నిర్ణయించడం, ఆటకి బయట కూడా బాగోగులు పట్టించుకోవడం, బాగా చేసినదాన్ని గుర్తించి చెప్పడం. ప్రతి వాక్యానికీ ఎప్పుడూ, తరచుగా, అప్పుడప్పుడు, అరుదుగా, అసలు లేదు అని ఐదు జవాబులు. ఈ వాక్యాలనే మూడు రకాలుగా అడుగుతారు. నీ కోచ్ ఎలా ఉండాలని కోరుకుంటున్నావు? నీ కోచ్ ఎలా ఉన్నారు? కోచ్‌నైతే, మీరు ఎలా ఉంటారు?

మొదటి రెండు ప్రశ్నల మధ్య ఎంత దూరం ఉందన్నదే చెల్లదురై చూడమన్నది. ఎందుకంటే ఒకే పని ఒకరికి నచ్చుతుంది, ఇంకొకరికి ఊపిరాడనివ్వదు. సైనా నెహ్వాల్ పుల్లెల గోపీచంద్ దగ్గర తయారై 2012లో లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది. 2014లో బెంగళూరు వెళ్ళి విమల్ కుమార్ దగ్గర చేరింది, 2015లో ప్రపంచ నంబర్ వన్ అయింది. 2017లో మళ్ళీ గోపీచంద్ దగ్గరికే వచ్చింది. ఇద్దరిలో ఎవరు మంచి కోచ్ అని వాదించుకోవడంలో అర్థం లేదు. ఆ సమయానికి ఆ క్రీడాకారిణికి ఏది కావాలో, అది ఎక్కడ దొరికిందో చూడాలి.

ఇక్కడికొచ్చేసరికి నాకు ప్రతిసారీ ఎదురయ్యే మాట: "మన పిల్లలకి భయం ఉండాలండీ. సింధు ఫోన్ మూడు నెలలు లాక్కోబట్టే కదా మెడల్ వచ్చింది!" 2016లో రియో ఫైనల్ అయ్యాక గోపీచంద్ ఆ మాట చెప్పినప్పుడు నేనూ టీవీలో విన్నాను. మూడు నెలలుగా ఆమె దగ్గర ఫోన్ లేదు, ఇక్కడికొచ్చాక ఆమెకి ఇష్టమైన తీపి పెరుగు కూడా తిననివ్వలేదు, ఐస్‌క్రీం వద్దన్నాను, ఇక ఆమె ఇష్టం అన్నారు. మనవాళ్ళు ఆ ఫోన్ కథని పట్టుకున్నారు. దాని చుట్టూ ఉన్నది వదిలేశారు. అప్పటికి సింధుకి 21 ఏళ్ళు. ఎన్నో ఏళ్ళుగా పొద్దున్న చీకటితోనే తనతో కోర్టులో ఉన్న మనిషి ఆ మాట అన్నాడు. ఆమె కోరుకున్నదానికీ, ఆయన చేసినదానికీ మధ్య దూరం తక్కువ. ఆ నమ్మకం కట్టుకోని చోట, నిన్న చేరిన పదకొండేళ్ళ పిల్లాడి ఫోన్ లాక్కుంటే అది ఉత్త ఫోన్ లాక్కోవడమే.

కఠినత్వాన్ని ఇష్టపడే సంస్కృతులు ఉంటాయన్నది నిజం. 1988లో చెల్లదురై, ఆయన సహచరులు జపాన్, కెనడా విశ్వవిద్యాలయాల క్రీడాకారుల్ని పోల్చి చూశారు. నిర్ణయాలు కోచే తీసుకోవాలని జపాన్ వాళ్ళు ఎక్కువగా కోరుకున్నారు. కెనడా వాళ్ళు శిక్షణ ఎక్కువ కావాలన్నారు. మన పిల్లల్ని అడిగితే జపాన్ వాళ్ళలాగే చెప్పినా నేను ఆశ్చర్యపోను. కానీ అదే జపాన్ విద్యార్థులు ఇంకొకటి కూడా కెనడా వాళ్ళకంటే ఎక్కువగా కోరుకున్నారు: కోచ్ తమ బాగోగులు పట్టించుకోవాలని. "భయం ఉండాలి" అనేవాళ్ళు ఈ రెండో సగాన్ని ఎప్పుడూ చెప్పరు.

ఆ సగం లేకపోతే ఏమవుతుందో కూడా జపానే చూసింది. 2012 డిసెంబరులో ఒసాకాలో ఒక హైస్కూలు బాస్కెట్‌బాల్ జట్టు కెప్టెన్, 17 ఏళ్ళవాడు, కోచ్ కొట్టిన దెబ్బల తర్వాత ప్రాణం తీసుకున్నాడు. ఆ జట్టు బలమైన జట్టే. గెలుపుల పట్టిక చూసి కోచ్‌ని అంచనా వేసినవాళ్ళకి ఆ పట్టికలో ఏ లోపమూ కనబడి ఉండదు. న్యాయస్థానం ఆ కోచ్‌ని దోషిగా తేల్చింది. 2013 ఏప్రిల్‌లో జపాన్‌లోని ప్రధాన క్రీడాసంస్థలు కలిసి ఆటల్లో హింసకి వ్యతిరేకంగా ప్రకటన చేశాయి. ఒక పిల్లాడు పోయాక.

ఆటగాళ్ళ అభిప్రాయానికి విలువిస్తే కోచ్‌లు ఆటగాళ్ళ చేతిలో కీలుబొమ్మలవుతారని ఇంకో వాదన. దానికి అందరూ 2017 అనిల్ కుంబ్లే ఉదంతం చెబుతారు. కుంబ్లే కోచ్‌గా ఉన్న ఏడాదిలో భారత జట్టు 17 టెస్టులాడి ఒక్కటే ఓడింది. అయినా ఆయన పనితీరు మీద, ఆయన కొనసాగడం మీద కెప్టెన్‌కి అభ్యంతరాలున్నాయని బోర్డు తనకి చెప్పిందని, ఇక కలిసి పనిచేయడం కుదరదని రాసి తప్పుకున్నాడు. ఆయనకి జరిగింది నాకూ బాధే అనిపించింది. అయితే ఆ ఉదంతంలో నాకు కనిపించేది వేరు. ఒక్క మనిషి అభిప్రాయం, ఏ పద్ధతీ లేకుండా, తలుపులు మూసుకుని, ఒక్కసారిగా బయటపడింది. జట్టులో ప్రతి ఒక్కరినీ ఏడాది పొడవునా పద్ధతిగా అడిగి, ఆ జవాబుల్ని కుంబ్లే ముందే పెట్టి ఉంటే, సరిదిద్దుకునే అవకాశం ఇద్దరికీ ఉండేది. పైగా భారత కెప్టెన్ నోరు తెరిస్తే బోర్డు వింటుంది. జిల్లా హాస్టల్లో ఉండే పన్నెండేళ్ళ కబడ్డీ పిల్ల నోరు తెరిస్తే ఎవరు వింటారు? తర్వాతి సెలక్షన్‌లో పేరు రాసేది ఆ కోచే కదా.

అందుకే ఎలా అడుగుతామన్నదే అసలు విషయం. ప్రాక్టీసు అయ్యాక కోచే కాగితాలు పంచి, అక్కడే నిలబడి వెనక్కి తీసుకుంటే ప్రతి పిల్లా "మా సార్ చాలా మంచివారు" అనే రాస్తుంది. సియాటిల్ వాళ్ళు పిల్లల ఇళ్ళకి ఎందుకు వెళ్ళారో ఇక్కడ అర్థమవుతుంది. బయటి మనిషి అడగాలి, పేరు ఉండకూడదు, పిల్లలు కొద్దిమందే ఉంటే విడివిడి జవాబులు కోచ్‌కి చూపించకూడదు. ప్రశ్నలు ఇష్టాయిష్టాల గురించి కాకుండా జరిగిన పనుల గురించి ఉండాలి. "మీ కోచ్ మంచివారా?" అంటే పిల్ల భయపడుతుంది, లేదా సెలక్షన్‌లో పేరు రాని కోపం తీర్చుకుంటుంది. "కిందటి వారం నువ్వు తప్పు ఆడినప్పుడు ఎలా ఆడాలో సార్ చేసి చూపించారా? అందరి ముందు నిన్ను చూసి నవ్వేలా ఏమైనా అన్నారా? నొప్పిగా ఉందని చెబితే ఆపమన్నారా, ఆడమన్నారా?" అంటే జరిగింది చెబుతుంది. ఇంగ్లీషు ప్రశ్నావళిని ఉన్నదున్నట్టు తెలుగులోకి దించితే పని జరగదు. మన గ్రౌండ్లలో పిల్లలు వాడే మాటల్లో ఉండాలి: రౌండ్లు కొట్టించడం, గుంజీలు తీయించడం, పక్కన కూర్చోబెట్టడం.

లైంగిక వేధింపులు, దెబ్బలు ఈ కాగితం మీద తేల్చే విషయాలు కావు. పద్ధెనిమిదేళ్ళ లోపు పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోలీసులకి చెప్పి తీరాలని 2012 పోక్సో చట్టం చెబుతోంది. దానికి వేరే దారి, వేరే మనిషి, వేరే ఫోన్ నంబరు ప్రతి గ్రౌండ్ గోడ మీదా ఉండాలి. సగటు మార్కుల్లో అలాంటి సంగతి కలిసిపోకూడదు.

కోచ్‌ల వైపు నుంచి కూడా చెప్పాలి. మన జిల్లాల్లో చాలామంది కాంట్రాక్టు మీద పనిచేస్తున్నారు. ఏటా రెన్యూవల్ కాగితం వస్తుందో రాదో తెలియదు. పతకాలు చూసి రెన్యూ చేస్తామంటే ఎవరైనా ఒకటో కోర్టులోనే నిలబడతారు. మా అకాడమీ సార్ నిలబడే చోటు కూడా మా తల్లిదండ్రులం అడిగే ప్రశ్నే నిర్ణయించింది. తమ ప్రవర్తన తమకి తెలియకపోవడం వాళ్ళ దోషం కాదు, ఎవరూ చూపించలేదు. చూపిస్తే మారతారన్నదానికి ఆధారం ఉంది. స్మిత్, స్మోల్ తయారుచేసిన కొద్ది గంటల శిక్షణ తీసుకున్న లిటిల్ లీగ్ కోచ్‌లనీ, తీసుకోనివాళ్ళనీ పోల్చిన అధ్యయనం 1992లో వచ్చింది. శిక్షణ లేని కోచ్‌ల దగ్గర ఆడిన పిల్లల్లో తర్వాతి సీజన్‌కి 26 శాతం మంది మానేశారు. శిక్షణ తీసుకున్నవాళ్ళ దగ్గర 5 శాతం. గెలుపోటముల్లో రెండు వర్గాలకీ తేడా లేదు. తప్పు చేసిన పిల్లకి ఏం చెప్పాలో నేర్చుకోవడం, తమ పనుల్ని తామే ఒక కాగితం మీద గుర్తుపెట్టుకోవడం ఆ శిక్షణలో ముఖ్యమైన భాగాలు. దీనికి కోట్లు అక్కర్లేదు.

మే నెలలో రెండు రాష్ట్రాల్లోనూ జిల్లా క్రీడాధికార సంస్థలు వేసవి శిక్షణ శిబిరాలు పెడతాయి. ఆఖరి రోజున సర్టిఫికెట్లు, టీషర్టులు ఇచ్చి ఫోటో తీస్తారు. ఆ రోజే, కోచ్ లేని గదిలో, పది ప్రశ్నల కాగితం ఒకటి పిల్లలకి ఇవ్వమని అడుగుతున్నాను. రాయలేని చిన్నపిల్లల చేత వేరే ఊరి పీఈటీ ఎవరైనా చెప్పించుకుని రాయాలి. మొదటి వారంలో వచ్చి మధ్యలో మానేసిన పిల్లల పేర్లు హాజరు పట్టీలో ఉంటాయి, పక్కనే ఫోన్ నంబర్లు ఉంటాయి. వాళ్ళకి కూడా ఒక ఫోన్ చేయాలి. అందరికంటే ముందు వాళ్ళకే చేయాలి.